రోడ్డు పక్క చార్జింగ్ పాయింటు: జాగా ఎవరిది? కరెంటు ఎవరిది?

పెట్రోలు బంకు పెట్టాలంటే ఆయిల్ కంపెనీ డీలర్‌షిప్ కావాలి. పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు కావాలి. కలెక్టరు గారి ఎన్ఓసీ కావాలి. మరి కరెంటు బండ్లకు చార్జింగ్ పాయింటు పెట్టాలంటే? లైసెన్సే అక్కర్లేదు. కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్ 13న ఈ సంగతి తేల్చి చెప్పింది. బండి బ్యాటరీకి చార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మకం కిందికి రాదు, అది ఒక సేవ మాత్రమే, కాబట్టి విద్యుత్ చట్టం కింద లైసెన్సు తీసుకోనవసరం లేదు అన్నది దాని సారాంశం. అదే ఏడాది డిసెంబరులో మొదటి మార్గదర్శకాలు వచ్చాయి. తరువాత పలుమార్లు మారి, 2024 సెప్టెంబరు 17న కొత్తవి వెలువడ్డాయి.

ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం... 16వ నంబరు జాతీయ రహదారి వెంబడి జాగా ఉన్న రైతుకు ఈ మాట వింటే ఆశ పుట్టడం సహజం. ఎకరం మొక్కజొన్న వేసి ధర కోసం ఎదురు చూసేకంటే, రోడ్డు ముఖం ఉన్న 10 సెంట్లలో నాలుగు చార్జింగ్ పాయింట్లు పెట్టుకుంటే పోలేదా అనిపిస్తుంది. ఆటో ఉన్న కుర్రాడికి మరో ఆలోచన వస్తుంది. పొలంలో మోటారుకి ఎలాగూ ఉచిత కరెంటే గదా, దాన్నుంచి ఒక వైరు లాగితే ఏటవుద్ది?

మొదటి ఆలోచనలో కొంత లాభం ఉంది, కొంత చిక్కు ఉంది. రెండో ఆలోచనలో మాత్రం జైలు దాకా వెళ్లే దారి ఉంది. అందుకే దాని సంగతి ముందు చూద్దాం.

మోటారు సర్వీసుతో బండికి చార్జింగ్ వద్దు

వ్యవసాయ సర్వీసు ఇచ్చింది నీరు తోడుకోవడానికి. 2004లో రాష్ట్రంలో ఉచిత విద్యుత్ మొదలైనప్పటి నుంచి ఆ సర్వీసుకు అయ్యే ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది. ఆ కరెంటును వేరే పనికి వాడితే అది 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అవుతుంది. తనిఖీకి వచ్చిన అధికారి ఎన్నాళ్లుగా వాడుతున్నారో తేల్చగలిగితే అన్నాళ్లకు, తేల్చలేకపోతే వెనక్కి 12 నెలలకు లెక్క కడతారు. అదీ మామూలు రేటుతో కాదు. ఆ పనికి వర్తించే రేటుకు రెండింతలు. అంటే వారం కిందటే వైరు లాగినా, అది రుజువు చేసుకోలేకపోతే ఏడాదికి బిల్లు వచ్చి పడుతుంది.

అంతటితో ఆగకపోవచ్చు. అదే చట్టంలో 135వ సెక్షన్ కరెంటు చౌర్యానికి సంబంధించినది. దురుద్దేశంతో, అనుమతించిన పనికి కాక వేరే పనికి వాడినా ఆ సెక్షన్ వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సొంత ఆటోకి ఒక పూట చార్జింగ్ పెట్టుకున్నవాడి మీద అంత దూరం వెళ్తారా అని అడగవచ్చు. వెళ్తారో లేదో అధికారి చేతిలో ఉంటుంది. ఆ అవకాశం అతని చేతికి మనమే ఇవ్వడం ఎందుకు? పైగా ఊళ్లో నలుగురి ఆటోలకు పెట్టి తలా యాభై రూపాయలు తీసుకుంటే అది సొంత వాడకం కూడా కాదు, ఉచిత కరెంటుతో వ్యాపారం.

ఒకవేళ ఎవరికైనా 126 కింద నోటీసు వస్తే కంగారు పడి చేతికి తోచిన కాగితం మీద సంతకం చేయకూడదు. ముందు వచ్చేది తాత్కాలిక ఉత్తర్వు. దాని మీద అభ్యంతరం రాసి ఇచ్చే హక్కు ఉంది. అధికారి విచారించి 30 రోజుల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలి. అది కూడా అన్యాయమనిపిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, కానీ అందుకు సగం సొమ్ము ముందు కట్టాలి.

ఇంటి మీటరు నుంచి సొంత బండికి చార్జింగ్ పెట్టుకోవడం మాత్రం తప్పు కాదు. దానికి గృహ వినియోగం రేటే వర్తిస్తుంది. ఇక్కడ ఒక లెక్క చూడండి. సరుకు ఆటోల బ్యాటరీలు రకాన్ని బట్టి 7 నుంచి 11 యూనిట్లు పడతాయి. రోజుకు 8 యూనిట్లు అనుకుంటే నెలకు 240. ఇంటి వాడకం 100 యూనిట్లు ఉంటే మొత్తం 340 అవుతుంది. 2022-23 టారిఫ్‌లో ఇళ్లకు 76 నుంచి 125 వరకు యూనిట్ 4 రూపాయల 50 పైసలు, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 దాటితే 8 రూపాయల 75 పైసలు. ఆ లెక్కన ఆటో తాగిన 240 యూనిట్లకు దాదాపు 1,720 రూపాయలు అవుతుంది. అదే టారిఫ్‌లో వాహనాల చార్జింగ్‌కు పెట్టిన ప్రత్యేక కేటగిరీ రేటు 6 రూపాయల 70 పైసలు. దాని ప్రకారం 1,608 రూపాయలు. సర్దుబాటు చార్జీలు ఇందులో కలపలేదు. తేడా నూట పదికి అటూ ఇటూ. ఒక్క ఆటో, ఇంటి ముందు వాకిలి ఉన్నవాడికి ఇంటి మీటరే చాలు. ఇంటి వాడకం ఎక్కువ ఉన్నవాళ్లు, రెండు బండ్లు ఉన్నవాళ్లు వేరే మీటరు అడగాలి. బండి చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ పొందే హక్కును 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నిబంధనల్లోనే చేర్చారు. రేట్లు ఏటా టారిఫ్ ఆర్డరుతో ఖరారవుతాయి కనుక సర్వీసు తీసుకునే నాటికి ఉన్న రేటు సెక్షన్ ఆఫీసులో చూసుకోవాలి.

ఒకే మండలంలో మూడు రకాల రోడ్లు

ఇప్పుడు జాగా సంగతి. రోడ్డు పక్క ఉన్నదంతా మనదే అనుకోవడం పల్లెల్లో పాత అలవాటు. వడ్లు ఆరబోసేది అక్కడే, గడ్డివాము వేసేది అక్కడే, బడ్డీ పెట్టేదీ అక్కడే. అడిగే నాథుడు ఉండడు కాబట్టి సాగిపోతుంది. కానీ చార్జింగ్ పాయింటుకు కరెంటు సర్వీసు కావాలి, సర్వీసుకు జాగా కాగితం కావాలి. అక్కడ దొరికిపోతాం.

ఎచ్చెర్ల మండలంలో రోడ్లకు ముగ్గురు యజమానులు. నాలుగు జిల్లాల లారీలు పరుగెత్తే జాతీయ రహదారి కేంద్రానిది. చిలకపాలెం దగ్గర చీలి రాజాం మీదుగా రామభద్రపురం వైపు వెళ్లే రాష్ట్ర రహదారి ఆర్ అండ్ బీ వారిది. ఊళ్లోకి వెళ్లే రోడ్లు, వీధులు పంచాయతీరాజ్ శాఖవీ, గ్రామ పంచాయతీలవీ. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పద్ధతి.

జాతీయ రహదారి విషయంలో 2002 నాటి చట్టం ఒకటి ఉంది. రహదారి భూమిలో అనుమతి లేకుండా ఏదీ పెట్టకూడదని, పక్క భూమిలోంచి రహదారి మీదికి దారి తీయాలన్నా అనుమతి కావాలని అది చెబుతుంది. ఈ రెండో ముక్క చాలామందికి తెలియదు. పొలం మీదే, పట్టాదారు పాసుపుస్తకం మీ పేరే. అయినా అందులో చార్జింగ్ స్టేషన్ పెట్టి, హైవే మీది బండ్లు లోపలికి రావడానికి కల్వర్టు వేసి దారి చేస్తే అది అనుమతి కావలసిన పనే. బంకుల వాళ్లు రోడ్డు నుంచి లోపలికి, లోపలి నుంచి రోడ్డుకి వేర్వేరు దారులు వేసి మధ్యలో దిమ్మ కట్టేది ఊరికే కాదు. జంక్షన్‌కు ఎంత దూరం ఉండాలి, మలుపు దగ్గర ఉండవచ్చా అన్నదంతా ఆ అనుమతిలో చూస్తారు.

మరో సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఊరి బయట మైదాన ప్రాంతంలో పెద్ద రహదారుల మధ్యగీత నుంచి 40 మీటర్ల లోపు కట్టడాలు రాకూడదు. పది సెంట్ల రోడ్డు ముఖం అని మురిసేవాళ్లు ముందు టేపు పట్టుకుని కొలవాలి. ఆ 40 మీటర్లు పోగా మీకు మిగిలేది ఎంత? కొందరికి ఏమీ మిగలదు.

సాగు భూమిని వ్యాపారానికి మార్చడం ఇంకో మెట్టు. దీనికి 2006 నుంచి నాలా చట్టం ఉండేది. 2025లో ప్రభుత్వం దాన్ని తీసివేయాలని నిర్ణయించింది. కాబట్టి పాత నాలా రేటు చెప్పి మధ్యవర్తి ఎవరైనా సొమ్ము అడిగితే ఇవ్వవద్దు. ఇప్పటి ఫీజు ఎంతో సచివాలయంలో, తహసీల్దారు కార్యాలయంలో నేరుగా కనుక్కోవాలి.

ఆర్ అండ్ బీ రోడ్డు మార్జిన్‌లో గానీ, పంచాయతీ పొరంబోకులో గానీ సొంతంగా స్తంభం పాతేస్తే 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ఇప్పటికీ ఉంది. వందేళ్లు దాటినా దానికి పదును తగ్గలేదు.

మరి ఊళ్లో, వీధిలో పెట్టాలంటే? ఇక్కడే దారి ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి వీధులు గ్రామ పంచాయతీ అధీనంలో ఉంటాయి. పంచాయతీకి సంత స్థలం ఉంటుంది, ఆటో స్టాండు ఉంటుంది, కార్యాలయం ముందు ఖాళీ ఉంటుంది. కేంద్ర మార్గదర్శకాల్లో ప్రభుత్వ, పంచాయతీ లాంటి సంస్థల స్థలాలను చార్జింగ్‌కు ఇవ్వడానికి ఒక సులువైన పద్ధతి పెట్టారు. నెలకు ఇంత అద్దె అని కాకుండా, అక్కడ బండ్లకు ఎక్కిన ప్రతి యూనిట్‌కు ఒక రూపాయి స్థలం ఇచ్చిన సంస్థకు చెల్లించాలి. ప్రైవేటు వాళ్లకు ఇస్తే పాట పెట్టి, ఆ రూపాయిని కనీస ధరగా ఉంచాలి. బండ్లు రాకపోతే అద్దె భారం లేదు, వస్తే పంచాయతీకి ఆదాయం. సంత వేలం పాటలు నడిపిన సర్పంచులకు ఇది కొత్త విద్య కాదు.

ఇరవై కిలోమీటర్ల లెక్కలో ఆటో లేదు

2018లో మొదట రాసుకున్న లెక్క ప్రకారం రహదారికి రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలి. 2024లో దాన్ని 20కి తగ్గించారు. లారీలు, బస్సుల వంటి పెద్ద బండ్లకు ప్రతి 100 కిలోమీటర్లకు ఒకటి. పట్టణాల్లో అయితే 2030 నాటికి కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న ప్రతి గడిలో ఒకటి.

పైడిభీమవరం నుంచి శ్రీకాకుళం పొలిమేర ముప్పై, ముప్పయ్యైదు కిలోమీటర్లు. అంటే ఈ నిబంధన పూర్తిగా అమలైనా మన ముక్కకు పక్కకు ఒకటో రెండో వస్తాయి. కారులో విశాఖ నుంచి భువనేశ్వరం వెళ్లేవాడికి అది చాలు. కారుకు పెట్టే పెద్ద గన్ను ఆటోకి పట్టదన్నది అసలు కిటుకు. కార్లకు వాడే డీసీ ఫాస్ట్ చార్జరు కనెక్టరు వేరు, చాలా ఆటోలకు కావలసింది ఇంట్లో ఉండే 15 ఆంపియర్ల సాకెట్టు లాంటిదే. బంకులో లక్షలు పెట్టి ఫాస్ట్ చార్జరు బిగించినా, బుడగట్లపాలెం నుంచి చేపల బుట్టలు వేసుకుని వచ్చిన ఆటోవాడు దాని పక్కనుంచి చూస్తూ వెళ్లవలసిందే.

చమురు కంపెనీల బంకుల్లో 7,432 ఫాస్ట్ చార్జర్లు పెట్టడానికి 2023 మార్చిలో కేంద్రం 800 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్‌కు 2,000 కోట్లు కేటాయించారు. ఇందులో సుమారు 72,000 పాయింట్లు పెట్టాలని లక్ష్యం. వాటిలో 48,400 రెండు, మూడు చక్రాల బండ్లకే. ఇది మంచి మార్పు. ఆ 48,400లో మన చిలకపాలెం కూడలికి, కుప్పిలి ఊరికి వాటా రావాలంటే ఎవరో ఒకరు అడగాలి. రాష్ట్రంలో ఈ పనులకు నోడల్ సంస్థగా నెడ్‌క్యాప్‌ను పెట్టారు. పంచాయతీ తీర్మానం కాగితం అక్కడికి చేరాలి.

నెదర్లాండ్స్‌లో కొన్ని నగరాల్లో ఒక పద్ధతి ఉంది. కరెంటు కారు కొన్నవాడు తన వీధిలో చార్జింగ్ స్తంభం కావాలని దరఖాస్తు పెడితే, దగ్గరలో ఖాళీ పాయింటు లేదని చూసుకుని మున్సిపాలిటీ రోడ్డు పక్క పెట్టిస్తుంది. లండన్‌లో వీధి దీపం స్తంభాలకే సాకెట్లు బిగించారు. మన దగ్గర వీధి దీపం లైనుకు అంత బరువు మోసే తీగ ఉండదు, అది కుదరదు. కానీ బండి ఉన్నవాడు అడిగిన చోట పెట్టడం అన్న మొదటి పద్ధతి గ్రామసభకు సరిగ్గా సరిపోతుంది. ఊళ్లో కరెంటు ఆటోలు ఎన్ని, ఎవరు ఎక్కడ ఆపుతారు, ఇంటి ముందు జాగా లేనివాళ్లు ఎందరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుని తీర్మానం చేస్తే అధికారి కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

పగలు తొమ్మిది నుంచి నాలుగు

సోలారు కరెంటు పగలు ఎక్కువగా దొరుకుతుంది. అందుకని 2024 మార్గదర్శకాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చార్జింగ్ స్టేషన్‌కు ఇచ్చే కరెంటు ధర సగటు సరఫరా వ్యయంలో 70 శాతం ఉండాలని, మిగతా వేళల్లో 130 శాతం ఉండాలని చెప్పారు. ఇది 2028 మార్చి 31 వరకు. స్థిర చార్జీ అంటూ వేరే లేకుండా కాలిన యూనిట్‌కే బిల్లు అన్నది కూడా అందులో ఉంది. రాష్ట్రంలో ఎంత రేటు వేయాలన్నది విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది.

మన ఆటోల రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు కూరగాయలో చేపలో ఎక్కించుకుని శ్రీకాకుళం బయలుదేరుతారు. రైతుబజారులో దించి, తిరుగు బేరం చూసుకుని ఎనిమిది, తొమ్మిది గంటలకు ఖాళీ అవుతారు. మళ్లీ విశ్వవిద్యాలయం, ఐఐఐటీ వైపు, కంపెనీల షిఫ్టుల వైపు బేరాలు తగిలేది సాయంత్రం. మధ్యలో ఉన్న పది నుంచి రెండు వరకు ఆటో చెట్టు కింద ఉంటుంది. కరెంటు చవకగా ఉండేదీ అప్పుడే. రాత్రి పూట ఇంటి దగ్గర పెట్టుకుంటే సరిపోయేవాడికి కూడా ఈ నాలుగు గంటల చార్జింగ్ దొరికితే సాయంత్రం బేరం అదనంగా మిగులుతుంది. కాబట్టి ఆటో స్టాండు దగ్గర, నీడ ఉన్న చోట, తక్కువ వేగం పాయింట్లు నాలుగు ఉంటే ఈ మండలానికి హైవే మీది పెద్ద స్టేషన్ కంటే ఎక్కువ ఉపయోగం.

ట్రాన్స్‌ఫార్మరు దృష్టితో చూసినా ఇదే మేలు. ఆటోకు పెట్టే తక్కువ వేగం పాయింటు 3.3 కిలోవాట్లు లాగుతుంది. 5 హెచ్‌పీ మోటారు 3.7 కిలోవాట్లు. అంటే ఒక పాయింటు ఒక మోటారు కంటే కొంచెం తక్కువే. అదే 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జరు పెడితే ఒకేసారి పదహారు మోటార్లు వేసినట్టు. ఎండాకాలం పంటకు తడి పెట్టే రోజుల్లో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఆ బరువు పడితే ఏమవుతుందో, కాలిన ట్రాన్స్‌ఫార్మరు కోసం ట్రాక్టరు మాట్లాడుకుని తిరిగిన రైతుకు చెప్పనక్కర్లేదు. ఫాస్ట్ చార్జరు పెట్టేవాళ్లు విడిగా ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాల్సిందేనని పక్క రైతులు పట్టుబట్టాలి. మొగమాటానికి పోవద్దు.

ఎంత మిగులుతుంది?

నాలుగు పాయింట్లు, రోజుకు ఐదేసి గంటలు పూర్తిగా నడిచాయనుకుందాం. 66 యూనిట్లు. కరెంటు ధర కాకుండా వసూలు చేసుకునే సేవా రుసుముకు 2024 మార్గదర్శకాల్లో పరిమితి ఉంది. తక్కువ వేగం పాయింటుకు పగటి వేళ యూనిట్‌కు 3 రూపాయలు, మిగతా వేళ 4. ఫాస్ట్ చార్జరుకు పగలు 11, మిగతా వేళ 13. పన్నులు పక్కన పెడితే 66 యూనిట్లకు మూడేసి రూపాయల చొప్పున 198 రూపాయలు. పంచాయతీ జాగా అయితే రూపాయి చొప్పున 66 పంచాయతీకి పోతుంది. మిగిలేది రోజుకు 132 రూపాయలు. పంచాయతీకి నెలకు దాదాపు 2,000.

ఇదీ ఉన్న లెక్క. అదీ నాలుగు పాయింట్లూ ఖాళీ లేకుండా నడిస్తే. దీని కోసం భూమి తాకట్టు పెట్టి అప్పు తేవడం తెలివి కాదు. టీ హోటలు, సైకిలు షాపు, పంక్చర్ల కొట్టు నడిపేవాడికి పక్కన రెండు పాయింట్లు ఉంటే బాగుంటుంది. బండి చార్జింగ్‌లో ఉన్న రెండు గంటలూ ఆటోవాడు అక్కడే కూర్చుంటాడు, టీ తాగుతాడు, టిఫిను తింటాడు. అసలు లాభం ఇడ్లీ పళ్లెంలో ఉంది.

'మీ రోడ్డు పక్క జాగాలో చార్జింగ్ స్టేషన్, నెలకు లక్ష రూపాయల ఆదాయం, ముందుగా డిపాజిట్టు కట్టండి' అనే ప్రకటన కనిపిస్తే పై లెక్క ఒకసారి వేసుకోండి. సెల్ టవర్ల పేరిట ఇలాంటి డిపాజిట్లు కట్టి మోసపోయినవాళ్ల గురించి వార్తల్లో ఎన్నోసార్లు చదివాం. నిజమైన కంపెనీ అయితే జాగా కాగితాలు చూస్తుంది, హైవే అనుమతి అడుగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం అడుగుతుంది. డబ్బు మాత్రమే అడిగేవాడిని గుమ్మంలోంచే పంపించాలి.

సాకెట్టు ఎంత ఎత్తులో?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో చార్జింగ్ పాయింట్లకు 2019లో విడిగా ఒక భాగం చేర్చారు. సాకెట్టు నేల మీది నుంచి కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. బండి ఆపే చోటుకు, పాయింటుకు మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. ఎక్స్‌టెన్షన్ వైరు వాడకూడదు. చేత్తో ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లే సాకెట్టు బోర్డు పనికిరాదు. ప్రతి పాయింటుకు విడిగా, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరా ఆపేసే రక్షణ పరికరం ఉండాలి. మంచి ఎర్తింగు, పిడుగు నుంచి రక్షణ తప్పనిసరి.

మన ఊళ్లలో జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఇంటి కిటికీలోంచి వైరు బయటికి తీసి, సిమెంటు రోడ్డు దాటించి, అవతల ఆపిన బండికి పెడతారు. దాని మీదుగా ఎడ్లబండి పోతుంది, ట్రాక్టరు పోతుంది, వాన నీరు పారుతుంది. ఇంగ్లండులో ఇలా ఇంటి నుంచి బండికి తీగ తీసుకెళ్లేవాళ్ల కోసం కాలిబాటలో సన్నని గాడి తవ్వి, అందులో తీగ పెట్టి మూత వేసే పద్ధతికి కొన్ని చోట్ల స్థానిక కౌన్సిళ్లు అనుమతిస్తున్నాయి. సిమెంటు రోడ్డు కొత్తగా వేసేటప్పుడే అడ్డంగా రెండు మూడు చోట్ల పైపులు పెట్టిస్తే మనకూ అలాంటి సౌకర్యం వస్తుంది. రోడ్డు వేశాక తవ్వితే పంచాయతీకి ఖర్చు, పక్కవాడితో గొడవ.

నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్లలో 80 సెంటీమీటర్లు చాలదు. వరద గుర్తు ఎక్కడిదాకా వచ్చిందో పెద్దలకు తెలుసు. దానికి పైన పెట్టాలి.

తుపాను ముందు

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది. తిత్లీ దెబ్బకు ఉద్దానంలో స్తంభాలు వేల సంఖ్యలో నేలకూలాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటింది. మన జిల్లాలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఈ భయం ఉండేదే. డీజిలు ఆటో అయితే డబ్బాలో నాలుగు లీటర్లు దాచుకోవచ్చు. కరెంటు ఆటోకి ఆ వీలు లేదు. ఊళ్లో అన్ని ఆటోలూ కరెంటువే అయితే తుపాను మర్నాడు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు అన్నది ముందే ఆలోచించుకోవలసిన సంగతి. ఊరికి ఒకటి రెండు డీజిలు బండ్లు ఉండనివ్వాలి. పంచాయతీ కార్యాలయం మీద సోలారు పలకలు, బ్యాటరీతో పెట్టించుకోగలిగితే ఇంకా మంచిది.

హెచ్చరిక రాగానే బ్యాటరీ నిండా ఎక్కించుకోవాలి. గాలి మొదలయ్యే ముందే పాయింటు మెయిన్ స్విచ్ ఆపేయాలి. సాకెట్టులో నీరు దిగితే లైన్‌మన్ వచ్చి చూసేదాకా ముట్టుకోకూడదు. నీటిలో మునిగిన బండి బ్యాటరీకి కంపెనీ మెకానిక్కు చూడకుండా చార్జింగ్ పెట్టకూడదు. దీనివల్ల మంటలు లేచే ప్రమాదం ఉంది.

దరఖాస్తు ఎలా?

వేరే మీటరు కోసం ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో గానీ, ఆన్‌లైన్‌లో గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఎంత లోడు, ఎన్ని పాయింట్లు, ఏ రకం అన్నది స్పష్టంగా రాయాలి. 'వాహనాల చార్జింగ్ కేటగిరీ' అని విడిగా పేర్కొనకపోతే దుకాణాల రేటులో పడేసే అవకాశం ఉంది, రసీదు మీద కేటగిరీ చూసుకుని తీసుకోవాలి. జాగా సొంతమైతే పాసుపుస్తకం, 1-బి నకలు. పంచాయతీదైతే తీర్మానం నకలు, ఒప్పందం. హైవే పక్కనైతే రహదారి అనుమతి కాగితం.

కాగితాలన్నీ సరిగ్గా ఉంటే, ఉన్న లైను మీదే ఇవ్వగలిగిన సర్వీసును గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలన్నది 2024 నిబంధన. పట్టణాల్లో ఇది 7 రోజులు. కొత్త లైను, కొత్త ట్రాన్స్‌ఫార్మరు అవసరమైతే ఇంకా గడువు పడుతుంది, ఎంత పడుతుందో రాతపూర్వకంగా అడగాలి. దరఖాస్తు నంబరు, తేదీ ఉన్న రసీదు జాగ్రత్త చేసుకోవాలి. గడువు దాటినా ఎవరూ రాకపోతే ముందు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. అదీ పని చేయకపోతే ఆ రెండు నంబర్లతో వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాసుకోవచ్చు, అక్కడ వకీలును పెట్టుకోవలసిన అవసరం లేదు.